కామన్ ఫోల్డర్ కనపడట్లేదు: మూడు రోజులు తిన్న ఒక డాకర్ బిల్డ్ కేసు

ఇది నేను బయటనుంచి వెళ్ళి చూసిన కేసు. క్లయింట్ ఎవరో తెలియకూడదు కాబట్టి సర్వీసుల పేర్లు, ఫోల్డర్ల పేర్లు మార్చాను, మనుషుల పేర్లు అసలు వాడలేదు. తప్పులు మాత్రం ఉన్నవి ఉన్నట్టే రాశాను, అందులో నావీ ఉన్నాయి.

ముందు సంగతి

ఐదుగురు డెవలపర్ల చిన్న టీమ్. మందుల షాపులకి బిల్లింగ్, స్టాక్ సాఫ్ట్‌వేర్ చేస్తారు. పైథాన్‌లో మూడు సర్వీసులు: బిల్లింగ్, స్టాక్, రిపోర్ట్స్. మొదట్లో ఒక్కోదానికి ఒక్కో గిట్ రెపో (కోడ్, దాని మార్పుల చరిత్ర ఉండే ఫోల్డర్), రెపోలో పైనే డాకర్‌ఫైల్ (ప్రోగ్రామ్‌నీ, అది నడవడానికి కావాల్సినవాటినీ కలిపి ‘ఇమేజ్’ అనే ఒకే పెట్టెగా ఎలా కట్టాలో డాకర్‌కి చెప్పే ఫైల్), ఆ ఫోల్డర్‌లోకి వెళ్ళి ‘డాకర్ బిల్డ్ .’ కొడితే ఇమేజ్ వచ్చేసేది. అంతవరకూ పాత్ గురించి ఎవరూ తల పట్టుకోలేదు. పట్టుకోవాల్సిన అవసరం కూడా లేదు, ఎందుకంటే డాకర్‌ఫైల్ ఉన్న చోటు, టెర్మినల్‌లో మనం నిలబడ్డ చోటు, బిల్డ్ కాంటెక్స్ట్ (బిల్డ్ కోసం డాకర్‌కి ఇచ్చే ఫోల్డర్) మొదలయ్యే చోటు మూడూ ఒకటే.

తర్వాత మూడు రెపోల్నీ ఒకటి చేశారు. జీఎస్టీ లెక్కలు, రౌండింగ్, డేటాబేస్ కనెక్షన్ లాంటివి మూడు చోట్లా కాపీ పేస్ట్ అయి ఉన్నాయని వాటిని బయటికి తీసి రెపో పైన ‘కామన్’ అని ఫోల్డర్ పెట్టారు. సర్వీసులు ‘సర్వీసెస్/బిల్లింగ్’, ‘సర్వీసెస్/స్టాక్’ ఇలా కిందికి వెళ్ళాయి, వాటితోపాటే వాటి డాకర్‌ఫైల్స్ కూడా. మంచి నిర్ణయమే, నేనైనా అదే చేసేవాణ్ణి. కాకపోతే ఆ రోజు నుంచి పైన చెప్పిన మూడు చోట్లూ మూడు దారులయ్యాయి, అది ఎవరూ గమనించలేదు.

నాకు ఫోన్ వచ్చింది దేనికంటే

ఫోన్ వచ్చింది డాకర్ గురించి కాదు, డబ్బుల గురించి. ఒక షాపులో బిల్లు 246.50 వస్తే 247 అవ్వాల్సింది 246 అవుతోంది. 247.50 మాత్రం సరిగ్గా 248 అవుతోంది. పైథాన్ 3లో రౌండ్ ఫంక్షన్ సరిగ్గా సగం దగ్గర దగ్గరలోని సరి సంఖ్య వైపు వెళ్తుంది, అదీ కథ. వాళ్ళూ అది కనిపెట్టి కామన్‌లో డెసిమల్ వాడి సరిచేశారు, టెస్టులు పాసయ్యాయి, కొత్త ఇమేజ్ వెళ్ళింది, బిల్లు మళ్ళీ 246.

‘అన్నా, ఫిక్స్ గిట్‌లో ఉంది, కొత్త ఇమేజ్ ట్యాగ్ సర్వర్‌లో ఉంది, పాత బగ్ షాపులో ఉంది’ అన్నాడు ఫోన్ చేసినబ్బాయి. ఆ ఒక్క వాక్యంతో నాకు సగం అర్థమైంది. కోడ్ మారింది, ఇమేజ్ మారింది, కానీ మారిన కోడ్ ఇమేజ్‌లోకి వెళ్ళలేదు. అంటే డాకర్‌ఫైల్‌లో ఫైళ్ళని ఇమేజ్‌లోకి తెచ్చే ‘కాపీ’ దగ్గర ఏదో జరిగింది. ఇంకో సంగతి, సీఐ (కోడ్ గిట్‌లోకి రాగానే దానంతట అది బిల్డ్ చేసే మెషిన్) బిల్డ్ రెండు వారాలుగా ఫెయిలవుతోందట, అది పర్మిషన్ల సమస్య అనుకుని ఒకబ్బాయి తన మ్యాక్ లోనే బిల్డ్ చేసి పుష్ చేస్తున్నాడు. ఇది వాళ్ళు మాటల్లో మాటగా చెప్పారు, అసలు విషయం అక్కడే ఉంది.

అప్పటికే వాళ్ళు చేసినవి

మొదట ‘సర్వీసెస్/బిల్లింగ్’ లో నిలబడి డాకర్‌ఫైల్‌లో ‘కాపీ ../../కామన్ /యాప్/కామన్’ అని రాశారు (‘..’ అంటే ఒక ఫోల్డర్ పైకి). పైథాన్‌లో, షెల్‌లో ఇలాగే రాస్తాం కదా, ఇక్కడెందుకు పని చెయ్యదు అని. డాకర్ క్లయింట్ బిల్డర్‌కి ఇచ్చేది ఒక్క కాంటెక్స్ట్ ఫోల్డర్‌నే. కమాండ్ చివర ఉన్న ఆ చుక్కే కాంటెక్స్ట్. దానికి పైన ఏముందో బిల్డర్‌కి తెలియదు, తెలియనివ్వరు కూడా.

ఇక్కడో తమాషా జరిగింది. సీఐ మెషిన్‌లో డాకర్ 20.10 ఉంది, పాత బిల్డర్. అది ‘ఫర్బిడెన్ పాత్ అవుట్‌సైడ్ ద బిల్డ్ కాంటెక్స్ట్’ అని మొహం మీదే చెప్పింది. లాప్‌టాప్‌లో డాకర్ డెస్క్‌టాప్, అందులో బిల్డ్‌కిట్ అనే కొత్త బిల్డర్. బిల్డ్‌కిట్ అలా చెప్పదు, ముందున్న చుక్కల్ని మింగేసి ‘/కామన్’ కోసం కాంటెక్స్ట్ లోపలే వెతికి, ‘"/కామన్": నాట్ ఫౌండ్’ అంటుంది. (లినక్స్ మీద బిల్డ్‌కిట్ డిఫాల్ట్ అయింది 2023లో వచ్చిన 23.0 వెర్షన్ నుంచి, ఆ లోపు వెర్షన్లు ఇంకా ఎన్ని సర్వర్లలో నడుస్తున్నాయో.) ఒకే తప్పుకి రెండు మెసేజ్‌లు. అందుకని లాప్‌టాప్‌లో ఒక సమస్య, సీఐలో వేరే సమస్య అని తీర్మానించుకున్నారు. ‘నేను రాసింది ../../కామన్, వాడు వెతుకుతోంది /కామన్, నా చుక్కలు ఎవరు తిన్నారన్నా?’ అని ఆ అబ్బాయి అడిగినప్పుడు నవ్వొచ్చింది గానీ, అది చాలా మంచి ప్రశ్న.

తర్వాత పూర్తి పాత్ ఇచ్చి చూశారు. కాపీలో సోర్స్ ముందు స్లాష్ పెట్టినా అది మెషిన్ రూట్ (అన్నిటికన్నా పై ఫోల్డర్) కాదు, కాంటెక్స్ట్ రూటే, కాబట్టి అదీ పోయింది. బిల్లింగ్ ఫోల్డర్‌లో కామన్‌కి సిమ్‌లింక్ (ఇంకో చోట ఉన్న ఫోల్డర్‌ని చూపించే లింకు) పెట్టారు. లింకు లోపలికి వస్తుంది గానీ అది చూపించే ఇల్లు కాంటెక్స్ట్ బయట ఉంది, అటు వెళ్తే ఏమీ లేదు.

చివరికి ఒక స్క్రిప్ట్ రాశారు. బిల్డ్‌కి ముందు ‘సీపీ -ఆర్’ తో కామన్‌ని బిల్లింగ్ లోపలికి కాపీ చేస్తుంది, తర్వాత బిల్డ్ కొడుతుంది. ఆ లోపలి కాపీని గిట్‌ఇగ్నోర్‌లో (గిట్ పట్టించుకోకూడని వాటి జాబితా) పెట్టారు. పని చేసింది, అందరూ ఊపిరి పీల్చుకున్నారు. రౌండింగ్ బగ్ బతికింది అందులోనే.

మొదటి రోజు

నేను ఎవరి లాప్‌టాప్ నీ ముట్టుకోలేదు. నా ఉబుంటు (లినక్స్) మెషిన్‌లో ఫ్రెష్‌గా క్లోన్ చేశాను, అంటే గిట్ నుంచి కొత్త కాపీ దింపుకున్నాను. ఎందుకంటే నెలల తరబడి వాడిన ఫోల్డర్‌లో పాత ఫైళ్ళు పేరుకుపోయి ఉంటాయి, అందులో పని చేసిందంటే దేనివల్ల పని చేసిందో చెప్పలేం. సీఐ కూడా ప్రతిసారీ చేసేది ఫ్రెష్ క్లోనే కాబట్టి, సీఐ కళ్ళతో చూడాలంటే ఇదే దారి.

క్లోన్ చేసి, ఫైళ్ళ జాబితా చూపే ‘ఎల్ఎస్’ కొట్టగానే కనపడింది. ఫోల్డర్ పేరు కామన్ కాదు, ఇంగ్లీషులో పెద్దబడి (క్యాపిటల్) ‘సీ’ తో కామన్. మొదట అలాగే కమిట్ చేసి, తర్వాత ఎవరో మ్యాక్ లో ఫైండర్‌లో చిన్నబడికి మార్చారు. మ్యాక్ డిస్క్ మామూలుగా పెద్దబడి చిన్నబడి తేడా పట్టించుకోదు, అక్కడి గిట్ కూడా దాన్ని మార్పుగా లెక్కవెయ్యలేదు. లినక్స్‌కి రెండూ వేరు. మన లిపిలో ఈ బాధ లేదు, అదొక సుఖం.

అయితే సీఐ లాగ్‌లో ఇది ఎందుకు కనపడలేదు? కనపడింది. స్క్రిప్ట్‌లో ‘సెట్ -ఈ’ (ఏ లైను ఫెయిలైనా అక్కడే ఆగమనే మాట) లేదు కాబట్టి సీపీ ఫెయిలై ఒక లైను ఎర్రర్ వేసి, ఆగకుండా బిల్డ్‌కి వెళ్ళిపోయింది. అందరూ చూసింది ఎర్రగా ఉన్న ఆఖరి లైను. అసలు సమాధానం దానికి బోలెడు లైన్ల పైన, మామూలు రంగులో ఉంది.

ఇక మ్యాక్ లో పాత కోడ్ ఎందుకు వెళ్ళింది? ఆ అబ్బాయిని స్క్రీన్ షేర్ చెయ్యమని, బిల్లింగ్ లోపలి కామన్ ఫోల్డర్ తెరవమన్నాను. అందులో ఫైళ్ళున్నాయి, వాటి పక్కనే ఇంకో కామన్ ఫోల్డర్ ఉంది. ‘సీపీ -ఆర్’ గుణం అది: గమ్యం ఫోల్డర్ లేకపోతే ఆ పేరుతో తయారు చేస్తుంది, అప్పటికే ఉంటే దాని లోపలికి వెళ్ళి కూర్చుంటుంది. కాబట్టి మొదటిసారి స్క్రిప్ట్ సరిగ్గా పని చేసింది. రెండోసారి నుంచి కొత్త కోడ్ ‘కామన్/కామన్’ లోకి పోతోంది, పైథాన్ ఇంపోర్ట్ చేసుకునేది బయటి పాతదాన్ని. రౌండింగ్ ఫిక్స్ ఇమేజ్‌లో ఉంది కూడా, ఒక మెట్టు లోపల. ఆ అబ్బాయి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఫోల్డర్ పేరు సమస్య గిట్‌లో రెండు అంచెల్లో తీసేశాను: ‘గిట్ ఎంవీ’ తో ముందు వేరే పేరుకి, అక్కడి నుంచి చిన్నబడి పేరుకి. మ్యాక్ ఉన్నా లేకపోయినా ఇలా చేస్తే ఖాయం.

స్క్రిప్ట్ బాగు చెయ్యాలా, తీసెయ్యాలా

పాత ఫోల్డర్ తుడిచి కాపీ చేసే లైను ఒకటి కలిపితే స్క్రిప్ట్ సరైపోతుంది, పది నిమిషాల పని. అయినా వద్దన్నాను. ఒకే కోడ్ రెండు చోట్ల ఉన్నంతకాలం ఎవరో ఒకరు ఎడిటర్‌లో తప్పు కాపీ తెరిచి మారుస్తారు, అది గిట్‌లోకి రాదు, మళ్ళీ నాకు ఫోన్ వస్తుంది.

మిగిలినవి మూడు దారులు. కామన్‌ని ప్రైవేట్ ప్యాకేజీగా చేసి పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు దింపే టూల్) ఇన్‌స్టాల్ చేసుకోవడం ఒకటి: ఐదుగురి టీమ్, కామన్ రోజూ మారుతుంది, ప్రతి మార్పుకీ వెర్షన్ పెంచుకుంటూ ప్యాకేజీలు దాచే రిజిస్ట్రీ చూసుకునే తీరిక వాళ్ళకి లేదు. రెండోది బిల్డ్‌కిట్‌లో ఉన్న అదనపు కాంటెక్స్ట్, ‘--బిల్డ్-కాంటెక్స్ట్’ అని పేరు పెట్టి ఇంకో ఫోల్డర్ ఇవ్వొచ్చు, నాకు నచ్చిన పద్ధతి కూడా, కానీ సీఐ మెషిన్ పాత బిల్డర్ మీద ఉండగా అది కుదరదు, దాన్ని అప్‌గ్రేడ్ చెయ్యడం వేరే మనుషుల చేతిలో ఉంది. మూడోది, కాంటెక్స్ట్‌ని రెపో రూట్‌కి తేవడం. రెపో పైన నిలబడి ‘డాకర్ బిల్డ్ -ఎఫ్ సర్వీసెస్/బిల్లింగ్/డాకర్‌ఫైల్ .’ అంటే సరి (‘-ఎఫ్’ డాకర్‌ఫైల్ ఎక్కడుందో చెప్తుంది). కొత్త టూల్ లేదు, పాత వెర్షన్‌లోనూ నడుస్తుంది. అది ఎంచుకున్నాను.

డాకర్‌ఫైల్‌లో పాత్‌లన్నీ రెపో రూట్ నుంచి తిరగరాశాను, రిక్వైర్‌మెంట్స్ ఫైల్ కూడా ‘సర్వీసెస్/బిల్లింగ్/’ తో మొదలు. చివర ఉన్న ‘కాపీ . .’ ని (కాంటెక్స్ట్‌లో ఉన్నదంతా ఇమేజ్‌లోకి తెమ్మని అర్థం) మాత్రం, ముందు బిల్డ్ పాసవ్వనీ తర్వాత చూద్దాం అని వదిలేశాను. నా దగ్గర చక్కగా బిల్డ్ అయింది.

ఈసారి తప్పు నాది

అదే బ్రాంచ్ ఆ అబ్బాయి మ్యాక్ లో బిల్డ్ కొడితే ‘ట్రాన్స్‌ఫరింగ్ కాంటెక్స్ట్’ దగ్గర అంకె పెరుగుతూనే ఉంది. 1.6 జీబీ దగ్గర ఆగింది. ‘అన్నా, నీ మెషిన్‌లో ఎంత?’ అన్నాడు. నాది ఫ్రెష్ క్లోన్, కొన్ని ఎంబీలు. ‘నా మెషిన్‌లో బానే వచ్చిందే’ అని నా నోటితో నేనే అన్నాను.

డాకర్‌ఇగ్నోర్ ఫైల్ (బిల్డర్‌కి పంపకూడని వాటి జాబితా) చదివేది కాంటెక్స్ట్ రూట్ నుంచి. పాతది బిల్లింగ్ ఫోల్డర్‌లోనే ఉండిపోయింది, నేను కాంటెక్స్ట్‌ని పైకి జరపగానే దాన్ని చదివే నాథుడు లేడు. రిపోర్ట్స్ ఫోల్డర్‌లో పడి ఉన్న డేటాబేస్ డంపులన్నీ బిల్డర్‌కి వెళ్తున్నాయి. సైజు అయితే సరే, నాకు అసలు టెన్షన్ వచ్చింది ‘కాపీ . .’ గుర్తొచ్చాక. ఏం వెళ్ళిందో చూద్దామని మూడు లైన్ల ఫైల్ ఒకటి రాసి రన్ చెయ్యమన్నాను:

ఫ్రమ్ బిజీబాక్స్
కాపీ . /చూడు
రన్ ఫైండ్ /చూడు

దీన్ని ‘-ఎఫ్’ తో ఇచ్చి, ‘--నో-క్యాష్’, ‘--ప్రోగ్రెస్=ప్లెయిన్’ కలిపితే బిల్డర్ చేతికి ఏమేం అందాయో మొత్తం జాబితా తెర మీద పడుతుంది. పడింది. అందులో స్టాక్ సర్వీసు ‘.ఎన్వ్’ ఫైల్, దానిలో డేటాబేస్ పాస్‌వర్డ్. బిల్లింగ్ ఇమేజ్‌లో స్టాక్ పాస్‌వర్డ్ అన్నమాట. ఇంకా పుష్ చెయ్యలేదు కాబట్టి సరిపోయింది, ఆ ఇమేజ్‌ని అక్కడికక్కడే డిలీట్ చేయించాను. బిల్డ్ పాసవ్వడం ఒక్కటే చూసుకుని ‘తర్వాత చూద్దాం’ అనుకున్నందుకు ఇది.

రూట్‌లో డాకర్‌ఇగ్నోర్ పెట్టాం. తొందరలో గిట్‌ఇగ్నోర్ లోని లైన్లే దింపాం, మళ్ళీ ఫైండ్ కొడితే ‘.ఎన్వ్’ అక్కడే ఉంది. రెండు ఫైళ్ళూ చూడటానికి అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ పద్ధతి వేరు. గిట్‌ఇగ్నోర్‌లో స్లాష్ లేకుండా పేరు రాస్తే ఎంత లోతులో ఉన్నా పట్టుకుంటుంది, డాకర్‌ఇగ్నోర్‌లో అదే పేరు రూట్‌లో ఉన్నదాన్నే పట్టుకుంటుంది. లోపలివి కావాలంటే ‘**/.ఎన్వ్’ అనాలి.

చివరికి తిరగేసి రాశాను: మొదటి లైను ‘*’, అంటే ఏదీ వద్దు, తర్వాత ‘!కామన్’, ‘!సర్వీసెస్’, ఆ కింద ‘**/.ఎన్వ్’, ‘**/డంప్స్’ లాంటివి. ఒక ఫైలుకి సరిపోయే లైన్లలో ఆఖరిదే చెల్లుతుంది కాబట్టి ‘.ఎన్వ్’ లైను కిందే ఉండాలి, పైన పెడితే ‘!సర్వీసెస్’ దాన్ని మళ్ళీ లోపలికి పిలుస్తుంది. వద్దన్నవి రాసుకుంటూ పోవడం కన్నా కావాల్సినవి రాయడం మేలని ఎందుకనుకున్నానంటే, రేపు ఎవరో రూట్‌లో కొత్త ఫోల్డర్ పెడితే అది దానంతట అది బయటే ఉంటుంది. కొత్త ఫోల్డర్ నిజంగా కావాల్సి వస్తే బిల్డ్ ఫెయిలై అరుస్తుంది, అది మనకి తెలుస్తుంది. చప్పుడు చెయ్యకుండా లోపలికి దూరేదే తెలియదు. ‘కాపీ . .’ ని కూడా తీసేసి కావాల్సిన రెండు ఫోల్డర్లకీ విడివిడిగా కాపీ లైన్లు రాశాం.

గిన్నె రాదు, గిన్నెలోది వస్తుంది

మూడో రోజు సీఐ పచ్చబడింది, కంటైనర్ (నడుస్తున్న ఇమేజ్) లేచింది, లేచి వెంటనే పడిపోయింది: కామన్ అనే మాడ్యూల్ లేదట. మళ్ళీ అదే పేరు, ఈసారి పైథాన్ నోటి నుంచి.

ఇమేజ్‌లో లేయర్లు (పొరలు) తగ్గుతాయని ఎవరో నా రెండు కాపీ లైన్లనీ కలిపి ‘కాపీ కామన్ సర్వీసెస్/బిల్లింగ్ /యాప్/’ చేశారు. కాపీకి ఫోల్డర్ ఇస్తే అది గిన్నెలో ఉన్నది పోస్తుంది, గిన్నెని తీసుకురాదు. కామన్ లోపలి ఫైళ్ళు, బిల్లింగ్ లోపలి ఫైళ్ళు అన్నీ ‘/యాప్’ లో కలిసిపోయాయి. కామన్ అనే ఫోల్డరే లేదు. పైగా రెండింటిలోనూ కాన్ఫిగ్ అనే ఫైల్ ఉంది, తర్వాత పోసింది ముందుదాన్ని కప్పేసింది. ఇంపోర్ట్ ఫెయిలై కంటైనర్ పడిపోవడమే అదృష్టం, లేచి నడిచి ఉంటే తప్పు కాన్ఫిగ్‌తో నడిచేది. ‘కాపీ కామన్ /యాప్/కామన్/’ అని మళ్ళీ విడదీశాం, పైన కామెంట్‌లో కారణం రాశాం, లేకపోతే ఇంకొకరు వచ్చి మళ్ళీ కలుపుతారు.

సర్వర్‌లో సరే. ఒకమ్మాయి లాప్‌టాప్‌లో కంపోజ్‌తో (సర్వీసులన్నిటినీ కలిపి నడిపే డాకర్ టూల్) నడిపితే మాత్రం ఇంకా మాడ్యూల్ లేదంటోంది. ఇమేజ్‌లో చూస్తే ఉంది, నడుస్తున్న కంటైనర్‌లో చూస్తే లేదు. కంపోజ్‌లో ‘./సర్వీసెస్/బిల్లింగ్:/యాప్’ అని వాల్యూమ్ (లాప్‌టాప్‌లోని ఫోల్డర్‌ని కంటైనర్‌లో చూపించే ఏర్పాటు) ఉంది, అది ఇమేజ్‌లోని ‘/యాప్’ మొత్తం మీద దుప్పటిలా పడింది. ‘./కామన్:/యాప్/కామన్’ అని ఇంకో లైను కలిపితే పోయింది. అదే కంపోజ్ ఫైల్‌లో ఇంకో చిన్న గుంట: కమాండ్‌లో ‘-ఎఫ్’ పాత్ మనం నిలబడ్డ చోటు నుంచి లెక్క, కంపోజ్‌లో ‘డాకర్‌ఫైల్’ పాత్ కాంటెక్స్ట్ నుంచి లెక్క. వాళ్ళ కంపోజ్ ఫైల్ ‘డిప్లాయ్’ ఫోల్డర్‌లో ఉన్న రోజుల్లో దీంతో ఒక సాయంత్రం పోగొట్టుకున్నారట.

నాకు మిగిలింది

మూడు రోజుల్లో ‘కామన్ లేదు’ అనే మాట ఐదు కారణాలతో విన్నాను: కాంటెక్స్ట్ బయట ఉండటం, పెద్దబడి అక్షరం, కామన్ లోపల కామన్, గిన్నె లేకుండా పోయడం, దుప్పటి. ఎర్రర్ మెసేజ్ ‘లేదు’ అంటుందే గానీ ఎక్కడ వెతికి లేదంటోందో చెప్పదు. రామాలయం పక్క సందులో ఇల్లు అంటే, రామాలయం లేని ఊరేది? ముందు ఏ ఊరో తేల్చాలి. అందుకే ఇప్పుడు ఎవరైనా పాత్ ఎర్రర్ స్క్రీన్‌షాట్ పంపితే నేను పాత్ చదవను. ఆ పాత్ టెర్మినల్‌దా, కాంటెక్స్ట్‌దా, కంటైనర్ లోపలిదా అని అడుగుతాను. జవాబు రావడానికి సమయం పడుతోందంటే సమస్య సాధారణంగా అక్కడే ఉంటుంది. కాంటెక్స్ట్‌ది అన్నారంటే పైన రాసిన ఆ మూడు లైన్ల ఫైల్ పంపిస్తాను, ఊహించుకుంటూ కూర్చునే కన్నా అది నిమిషంలో తేల్చేస్తుంది.

ఒకటి మళ్ళీ చేస్తే వేరేగా చేస్తాను. కాంటెక్స్ట్‌ని పైకి జరిపే కమిట్, రూట్ డాకర్‌ఇగ్నోర్ పెట్టే కమిట్ వేరువేరుగా ఉండకూడదు. మొదటిది ఒంటరిగా మెర్జ్ అయిన ఆ కొన్ని గంటల్లో సీఐ కాకుండా ఎవరైనా లాప్‌టాప్ నుంచి పుష్ చేసి ఉంటే పాస్‌వర్డ్ ఇమేజ్‌లు దాచే రిజిస్ట్రీలో ఉండేది. ఇప్పుడు లాప్‌టాప్ నుంచి పుష్ చేసే హక్కే తీసేశారు, అది నేను అడక్కుండానే వాళ్ళే చేశారు.

బిల్లింగ్, స్టాక్ రెండూ కొత్త పద్ధతికి వచ్చాయి. షాపులో 246.50 ఇప్పుడు 247. రిపోర్ట్స్ సర్వీసు మాత్రం ఇంకా పాత స్క్రిప్ట్ మీదే ఉంది, దాన్ని తీసేసి వేరేది రాస్తామంటున్నారు కాబట్టి కదపలేదు. స్క్రిప్ట్‌లో మొదటి లైనుగా ‘సెట్ -ఈ’, సీపీకి ముందు పాత ఫోల్డర్ తుడిచే లైను పెట్టి వచ్చాను.